రెండు తలుపుల దగ్గర మొదలైన రంగు

ఒక పాత ఆసుపత్రి హాలును బాగుచేయడానికి రెండు దేశాల సైనిక ఇంజనీర్లు చేతులు కలిపితే ఎంత తెలివి పోగవ్వాలి? పోగైంది. నేలకు రంగేసే రోజున పొంగిపొర్లింది కూడా.

ముందు ఎవరు మొదలుపెట్టాలన్నది చిక్కు. మేం మొదలుపెడితే అతిథులకు చిన్నతనం, వాళ్ళు మొదలుపెడితే మాకు. మా మేజరుగారు తేల్చేశారు. హాలుకు రెండు తలుపులు. చెరో తలుపు దగ్గర ఒకేసారి మొదలుపెట్టి మధ్యలో కలుసుకోవాలి. వాళ్ళ మేజరు కూడా తలూపాడు. తర్వాత బయటికెలా వస్తారని అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

మేం నలుగురం, వాళ్ళు నలుగురు. రంగేస్తూ వెనక్కి జరిగాం. వీపులు తగిలాక ఒకరివైపు ఒకరు తిరిగి చేతులు కలిపాం. గుమ్మాల్లో చప్పట్లు, ఫొటోలు. చప్పట్లు ఆగాక చూసుకుంటే చాపంత చోటులో ఎనిమిది మందిమి, చుట్టూ తడి ఆకుపచ్చ.

మా హవల్దారు గడియారం చూసుకున్నాడు. కూతురు పుట్టి నెలయింది, ఇంకా కళ్ళారా చూడలేదు. సెలవు ఈరోజు నుంచే.

"సార్, గంటలో నా బండి ఉంది సార్!"

"రేపు జనరల్ గారు వస్తున్నారయ్యా! మనవాళ్ళలో ఎవడు కాలు కదిపినా సెలవు రద్దు!" గుమ్మంలోంచి మేజరుగారు అరిచారు. ఆ మనిషి నోట్లో రంగు డబ్బా బోర్లించాలనిపించింది నాకు.

హవల్దారు ఖాళీ డబ్బా మీద కూలబడి, ఫోన్లో పాప ఫొటో చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. అతిథుల సార్జెంటు, తాడిచెట్టంత మనిషి, తొంగిచూశాడు. తనకు ముగ్గురని వేళ్ళతో చెప్పాడు. బూట్లు విప్పి నా చేతిలో పెట్టి, హవల్దారు ముందు వంగి భుజం చూపించాడు.

హవల్దారు ఎక్కేశాడు. సార్జెంటు తడి రంగులో చప్ చప్‌మని నడిచాడు. వీపు మీద చంటిపిల్లాడిలా వేలాడుతూనే మావాడు మేజరుగారికి సెల్యూట్ కొట్టాడు.

మేజరుగారు సార్జెంటు పాదాలకేసి చూశారు. కాలు కదిపింది మనవాడు కాదాయె, అతిథిని ఏమంటారు? పళ్ళు నూరుకుంటూనే సెల్యూట్ కొట్టి, "దిగగానే పరిగెత్తు, బండి వెళ్ళిపోతుంది!" అన్నారు.

మిగతా వాళ్ళం రంగు ఆరేదాకా అక్కడే కూర్చున్నాం. మా ఇళ్ళల్లో ఎవరూ పుట్టలేదు మరి.