లింగం పేరు మీది గుండె

లింగం పోయిన రోజు పొద్దున, అతని భార్య పుష్పమ్మ ఛాతీకి కట్టుకున్న పట్టీ విప్పి అతని చేతిలో పెట్టింది. ఒకరోజంతా ఆ పట్టీ ఆమె గుండె చప్పుళ్లను రాసుకుంది. రాసుకోవలసింది లింగానివి.

ఇరవై రెండేళ్లుగా అతను లక్డారం నుంచి పటాన్‌చెరులోని మందుల కంపెనీకి పోతున్నాడు. కాంట్రాక్టు పని. పౌడరు సంచి భుజాన వేసుకుని ఇనుప మెట్లెక్కి, మందు కలిపే పెద్ద రియాక్టరు మూతి దగ్గర ఊపిరి బిగబట్టి కుమ్మరించాలి. పదేళ్లుగా షుగరు. ఈమధ్య కూర్చుని లేస్తే కళ్లకు చీకట్లు కమ్ముతున్నాయి.

షుగరున్న వాళ్లందరికీ కంపెనీ డాక్టరమ్మ ఈ పట్టీలిచ్చింది. షుగరుతో గుండె నరాలు చెడినట్టు తేలితే మెట్లెక్కనివ్వరు. పర్మినెంటు వాళ్లకు కింద పని చూపిస్తారు. కాంట్రాక్టు వాళ్లను ఇంటికి పంపుతారు.

అందుకే ముందురోజు భార్యను అడిగాడు.

"జెర నువ్వు కట్టుకో. నీది గట్టి గుండె."

"గుండె గూడ నాదే పంపుతున్నవా? రేపు డ్యూటీకి గూడ నన్నే పంపు," అంటూనే కట్టుకుంది.

పది గంటలకు డాక్టరమ్మ అతన్ని పిలిచి తెర చూపించింది. గుండె గడియారంలా ఒకే తీరుగా కొట్టుకోవడం మంచిది కాదట. ఊపిరి తీస్తే కొంచెం త్వరగా, వదిలితే నిదానంగా, చప్పుడుకూ చప్పుడుకూ మధ్య ఎడం మారుతుండాలట. అప్పుడే లోపలి నరాలు బాగున్నట్టట. లింగానిది చక్కగా మారుతోందని మెచ్చుకుంది. అతను తల వంచుకున్నాడు. కళ్లు తిరిగే సంగతి నోటిదాకా వచ్చింది.

"ఇంకేమైనా ఇబ్బంది ఉందా?"

"ఏం లేదమ్మా. మంచిగనే ఉన్న."

బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాడు. నువ్వు పాసైనవని భార్యకు చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"మరి నీదెప్పుడు సూపిస్తవ్?"

ఆదివారం సంగారెడ్డి పోయి చూపించుకుంటానన్నాడు.

మధ్యాహ్నం నాలుగో సంచి ఎత్తుకుని మెట్ల మధ్యలో కూర్చున్నాడు. నొప్పి అనలేదు. చెమట కూడా పట్టలేదు. సంచిని ఒళ్లో పెట్టుకుని రెయిలింగుకు ఆనుకున్నాడు. వెనకాలే వస్తున్న చిన్నరాములు, అలుపు తీర్చుకుంటున్నాడనుకుని, భుజాన బరువుతోనే కాసేపు ఆగాడు.

పదకొండో రోజున డాక్టరమ్మ ఇంటికొచ్చింది. రిపోర్టు ముందు పెట్టుకుని, ఇంత మంచి గుండె అలా ఎలా ఆగిందో, యంత్రం తప్పో తన చదువు తప్పో తెలియడం లేదని చెప్పి కళ్లు తుడుచుకుంది. మిగతా వాళ్ల పట్టీలను కూడా నమ్మలేక పరీక్షలు ఆపేసిందట.

చెప్పాలని పుష్పమ్మ రెండుసార్లు కంపెనీ గేటు దాకా వెళ్లింది. ఇంకా చెప్పలేదు.