తెయోఫిలా కాళ్ళలో సముద్రం

తెయోఫిలా రోజూ ఏడింటికి, కాఫీ చుక్కయినా తాగకుండా, తూకం మిషనెక్కి నిలబడాలి. గుండె నీరసించి ఒంట్లో నీరు చేరుతోందని పట్నం ఆసుపత్రివాళ్ళు ఆమె ఫోన్లో ఒక యాప్ పెట్టారు. తూకం అంకె, ఆమె ఎక్కిన మెట్ల లెక్క వాటంతటవే ఫోన్లోకి పోతాయి. బరువు తగ్గితే ఆకుపచ్చ దీపం, బూరల మోత. పెరిగితే ఎర్ర దీపం. నెలలో మూడు ఎర్ర దీపాలు వెలిగితే మాట వినని రోగి అని రాసేసి మాత్రలు ఆపేస్తారు. నీరు తీసే ఆ మాత్ర లేకపోతే ఆమెకి వారం తిరక్కుండా ఊపిరాడదు. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి, జబ్బు ముదిరినవాళ్ళకే మందు ఆపుతుంది.

పైగా తెయోఫిలా కాళ్ళు సముద్రంతో పాటు పొంగుతాయి. సముద్రం పోటు మీదుంటే పాదాలు వాస్తాయి, ఆటుకి వాపు తీస్తుంది. మడ అడవి పక్కన గుంజల మీద నిలబెట్టిన ఆ నలభై ఇళ్ళలో అదేం వింత కాదు. పడవలవాళ్ళు బయల్దేరేముందు ఆమె గుమ్మం దగ్గర ఆగి, మడమలు చూసి పోతారు.

ఈ ముక్క రాజధాని బొగోటాలో, కొండల మధ్య ఏసీ గదిలో కూర్చుని ఆసుపత్రి తరఫున ఫోన్లు చేసే డానియేలాకి ఎక్కితేనా!

"బామ్మగారూ, ఉప్పు తింటున్నారు కదూ? నిజం చెప్పండి."

"నేనేం తిన్లేదమ్మాయ్. సముద్రం పొంగింది."

"సాకులొద్దు బామ్మగారూ. ఈ నెల్లో ఇది రెండో ఎర్ర దీపం."

శుక్రవారం నాడు ఏడింటికి నిండు పోటు ఉండాలి. మూడో దీపం ఖాయమనుకుని, తెయోఫిలా బిక్కుబిక్కుమంటూ తూకం ఎక్కింది. నిన్నటిదాకా యాభై ఎనిమిది కిలోలు. ఇవాళ నలభై తొమ్మిది. ఫోన్లో బూరలు చెలరేగిపోయాయి.

"శభాష్! మీ గుండెకి ఇది పండగ రోజు! ఇక పావుగంట కదలకుండా కూర్చోండి. మెట్లెక్కితే ఎర్ర దీపమే," అంది యాప్.

ఆమె కిందకి చూసుకుంది. పాదాల చర్మం ఎముకలకి అంటుకుపోయింది. చెప్పులు జారిపోతున్నాయి. బయట పడవ నడిపే అర్సేనియో సంబరంగా కేకేస్తున్నాడు.

"అత్తా, బుట్ట పట్టుకురా! బురద నిండా చేపలే, ఊరికే ఏరుకోవడమే!"

తెయోఫిలా గుమ్మంలోకొచ్చి పావడా పైకెత్తింది. అర్సేనియో చేతిలోంచి బుట్ట జారింది.

"సముద్రం ఇంతలా ఎప్పుడూ వెనక్కి పోలేదు కదే అత్తా..."

"పోయింది తిరిగొస్తుందిరా, వెర్రినాగన్నా! అందర్నీ గుట్ట ఎక్కించు."

"మరి నీ మాత్రలు?"

"మింగడానికి మనిషుంటే కదా మాత్రలు! కదులు."

గుట్టకి నూట నలభై మెట్లు. ఇంటింటికీ కేకలేస్తూ, పది మెట్లకోసారి కూలబడుతూ, ఆమె సగం ఎక్కింది. మిగతా సగం అర్సేనియో వీపున మోశాడు. రవికలో దోపుకున్న ఫోను ఆగండి, ఆగండి అని ప్రాణం తీస్తూనే ఉంది. మెట్లయ్యాక ఎవరూ సముద్రం వైపు చూడలేదు, ఆమె కాళ్ళ చుట్టూ మూగారు. మడమలు నిండాయి. పిక్కలు నిండాయి. మోకాళ్ళు దాటాక, "ఇంకా పైకి" అందామె. ఎక్కారు. తొడల దగ్గర వాపు ఆగింది. కింద నలభై ఇళ్ళూ లేవు. మనుషులు మాత్రం అందరూ ఉన్నారు.

డానియేలా ఫోన్ చేసింది.

"నూట నలభై మెట్లా! ఎవర్నడిగి ఎక్కారు? మూడో దీపం వెలిగింది బామ్మగారూ, ఇంక మాత్రలు రావు."

తెయోఫిలాకి ఒళ్ళు మండింది. ఫోను గుట్ట మీంచి విసిరేసింది.

మాత్రలకి మాత్రం లోటు రాలేదు. నలభై ఇళ్ళవాళ్ళూ వంతులేసుకున్నారు. వారానికొకరు జేబుల నిండా గుల్లలు పోసుకుని, పట్నం ఆసుపత్రిలో తూకం ఎక్కి, నీరు చేరిందని మూలిగి, మాత్రలు తెచ్చి ఆమె ఒళ్ళో పోశారు. కొత్త రోగికి బరువు పెరిగిందని ఫోన్లో కనిపిస్తే చాలు, మాత్రలిచ్చేస్తారు. ఇన్నాళ్ళలో అక్కడ ఒక్క డాక్టరూ వంగి ఎవరి పాదమూ నొక్కి చూడలేదు.