తాళం పడిన తెర

కిష్టయ్య జానెడు బట్ట నేసి, మగ్గం గుంటలోంచి లేచి వచ్చేశాడు. పడుగు ఎక్కించాక ఆయన మధ్యలో లేవడం ఆ షెడ్డులో ఎవరూ చూడలేదు. నలభై ఏళ్లుగా నారాయణపేట చీరలు నేస్తున్న మనిషి. నేరుగా రంగుల గదిలోకి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్న మంజులత పక్కన నిలబడ్డాడు.

"బిడ్డా, గిరాకీ అడిగింది వంకాయ రంగంట గదా. నువ్వు నాతోని కుంకుమ రంగు నేపిస్తున్నవ్," అన్నాడు.

ఆయన వెనకే యజమానురాలు నిర్మలమ్మ వచ్చింది. చేతిలో ఫోను ఉంది. హైదరాబాదు గిరాకీ పంపిన ఫొటో అందులో ఉంది, నిగనిగలాడే వంకాయ రంగు. మంజులత తన ముందున్న తెరకేసి చూసింది. అదే ఫొటో, అదే చీర, కానీ ఇక్కడ కుంకుమ రంగు. 

అక్కడి పద్ధతిలో ఒక పడుగుకు ఎనిమిది చీరలు. రంగు తప్పితే ఎనిమిదీ తప్పుతాయి. గిరాకీలు పంపే ఫొటోలు పనివాళ్ల ఫోన్లలోకి పోకూడదని, పోతే పక్క దుకాణాలకు చేరతాయని నిర్మలమ్మ కట్టుబాటు పెట్టింది. అందుకని మంజులత ఫొటోను ఈ తెర మీదే చూడాలి, రంగు నంబర్లతో నూలు పోగులు అంటించిన అట్టను తెర పక్కన పట్టి సరిపోయే పోగు చూడాలి, దాని నంబరు చీటీ మీద రాసి అద్దకానికి పంపాలి. ఆరేళ్లలో ఒక్క చీటీ తప్పలేదు. అందుకే పది రోజుల కింద నిర్మలమ్మ అందరి ముందూ చెప్పింది, వచ్చే నెల నుంచి రంగుల గది బాధ్యత మంజులతదేనని.

"పోయిన వారం దాక మంచిగున్న మిషిన్ ఇప్పుడెట్ల చెడింది మంజులా? నువ్వేమన్న నొక్కినవా?" అంది నిర్మలమ్మ.

"లేదమ్మా. నేనేం ముట్టలే."

"మరెట్లయింది? పొద్దుగూకే లోపల నాకు చెప్పు. నీ చేతులనే చెడితే గీ గది నీకియ్యలేను. ఎనిమిది చీరల పడుగు పాడైంది. రేపు ఇంకోటి పాడైతే నేనెవరికి చెప్పుకోవాలె?"

ఆ మాటలో కోపం కన్నా అనుమానం ఎక్కువుంది. మంజులతకు అదే గుచ్చుకుంది.

వాళ్లు వెళ్లిపోయాక ఆమెకు మొదట గుర్తొచ్చినవాడు విజేందర్. రంగుల గదిలో పదేళ్లుగా ఉన్నవాడు. మౌసు పట్టుకోవడం కూడా రాని మంజులతకు కంప్యూటరు నేర్పినవాడు. చెల్లె అని పిలుస్తాడు, ఆమె ఏటా రాఖీ కడుతుంది. పొద్దున్నే చీరల మూటలు తీసుకుని జడ్చర్ల పోయాడు, మధ్యాహ్నం బస్సుకు వస్తాడు. అన్న ఉంటే నిమిషంలో తేల్చేవాడు, సరిగ్గా ఇయ్యాలే లేకపాయె అని ఆమె తనలో తాను సణుక్కుంది. అంత అమాయకురాలు మరి.

అన్న నేర్పిన వరసలోనే మొదలుపెట్టింది. తెర వెనక కేబుల్ వదులైతే ఒక రంగు ఎగిరిపోతుందని చెప్పాడు. కేబుల్ పీకి, ఊది, మళ్లీ గట్టిగా బిగించింది. కుంకుమ కుంకుమగానే ఉంది. కంప్యూటరు ఆపి మళ్లీ వేసింది. మారలేదు. రాత్రిపూట కళ్లకు మంట పుట్టకుండా తెరను పసుపుగా చేసే సెట్టింగు ఒకటుంటుంది, అది చూసింది. ఆపేసే ఉంది. ఇక మిగిలింది మానిటర్ సొంత సెట్టింగులు. అంచు కింద వేలితో తడిమితే తగిలే చిన్న బటన్లు. మెనూ బటన్ నొక్కింది.

మెనూ రాలేదు. తెర మధ్యలో చిన్న తాళం బొమ్మ వచ్చి, మూడు క్షణాలుండి మాయమైంది.

మంజులత చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ తాళం బొమ్మ ఆమెకు తెలుసు. సొరుగులోంచి పాత నోటుబుక్కు తీసింది. ఆరేళ్ల కింద నేర్చుకున్న పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. అప్పట్లో ఆమెకు ఇంగ్లీషు పేర్లు రాయడం రాకపోతే చాలా పేజీలు విజేందరే రాసిచ్చాడు. వెతికితే దొరికింది. గిరాకీల పిల్లలు బటన్లు నొక్కి ఆగం చేస్తున్నారని ఒకరోజు అన్న చూపించిన కిటుకు అది. మెనూ బటన్ నొక్కి పట్టి పది దాకా లెక్కపెడితే బటన్లన్నిటికీ తాళం పడుతుంది, మళ్లీ అట్లనే చేస్తే తెరుచుకుంటుంది. కింద విజేందర్ దస్తూరిలోనే ఇంకో వాక్యం ఉంది. ఇది మనిద్దరికే తెలుసు, ఎవరికీ చెప్పకు.

ఆ వాక్యం నాలుగు సార్లు చదివింది. అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వారం తల్లి బిక్షమ్మకు బాగాలేక మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయింది. "ఫికర్ చెయ్యకు చెల్లె, గది నేను చూసుకుంట," అని బస్సు దాకా వచ్చి ఎక్కించాడు అన్న. మూడో రోజు తిరిగొస్తే తెర పసుపుగా కొడుతున్నట్టు అనిపించింది. అడిగింది కూడా. "రెండు రాత్రులు నిద్ర లేక నీ కండ్లు గట్ల కనబడుతున్నయ్," అన్నాడు. తన కళ్లను కాదని ఆయన మాటనే నమ్మింది. ఎనిమిది చీరలు పాడైంది ఆ నమ్మకం వల్లే. తల్లి సెలైన్ ఎక్కించుకుంటూ పడుకుని ఉన్నప్పుడు, ఈయన ఇక్కడ కూర్చుని తెరలో నీలం తగ్గించి, వంకాయను కుంకుమ చేసి తాళం వేశాడు. ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

మూడు గంటలకు విజేందర్ వచ్చాడు. చొక్కా చెమటకు తడిసి ఉంది. గదిలో అడుగు పెడుతూనే తెర వంక చూశాడు, తర్వాత ఆమె వంక.

"గీ తాళం ఎవరేసిన్రన్నా?"

"ఏ తాళం? కరెంటు ఎక్కువ తక్కువైతే గట్లనే అయితది. జరుగు, నేను చూస్త."

"కరెంటు బటన్ నొక్కి పట్టి పది దాక లెక్కపెడతదా?"

విజేందర్ కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. గొంతు తగ్గించి అన్నాడు. "పదేండ్లు చేసిన నన్ను దుకాణం కౌంటర్ల కూసోమన్నది అమ్మ. నేను నేర్పిన పిల్ల నాకు చీటీలు రాసిస్తదా? నువ్వొక్క తప్పు చేస్తే అమ్మ మళ్ల నన్నే పిలుస్తదనుకున్న. నీ పని పోవాలని గాదు చెల్లె. తప్పు బయటపడినంక తాళం నేనే తీసేద్దామనుకున్న."

"మా అమ్మను చూసొచ్చినంక మొదలు నిన్నే అడిగిన అన్నా, తెర పసుపుగున్నదని. నా కండ్లే బాగలేవంటివి."



గడపలో చెప్పుల చప్పుడయింది. నిర్మలమ్మ, వెనక కిష్టయ్య. "తేలిందా?" అంది నిర్మలమ్మ. విజేందర్ మంజులత వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలుకోవడం ఉంది, నేనే కదా నేర్పింది అన్న అధికారమూ ఉంది. ఆమెకు అధికారమే కనిపించింది.

మంజులత మెనూ బటన్ నొక్కి పట్టింది. పైకి వినబడేలా లెక్కపెట్టింది. పది దగ్గర తాళం బొమ్మ తెరుచుకుంది. రంగుల వరసలోకి వెళ్లింది. ఎరుపు, ఆకుపచ్చ నిండుగా ఉన్నాయి, నీలం సగానికి పడి ఉంది. నీలాన్ని మెల్లగా పైకి జరిపింది. కుంకుమ రంగు చీర వాళ్ల కళ్ల ముందే వంకాయ రంగుకు తిరిగింది.

"అరే, గదే రంగు," అన్నాడు కిష్టయ్య.

నిర్మలమ్మ ముఖం విచ్చుకుంది. "గీ కిటుకు ఎవరు నేర్పిన్రు నీకు?"

"విజేందరన్ననే నేర్పిండమ్మా," అంది మంజులత. నోటుబుక్కు ఆ పేజీ దగ్గర తెరిచి ఆమె చేతిలో పెట్టింది. "ఆయన రాసిందే, చదవండి."

నిర్మలమ్మ కళ్లద్దాలు సర్దుకుని చదివింది. కింది వాక్యం దగ్గర ఆమె పెదవులు ఆగాయి. తలెత్తి విజేందర్‌ను చూసింది. అతడు అప్పటికే నేల చూపులు చూస్తున్నాడు. వివరంగా చెప్పే పని ఎవరికీ పడలేదు. "కౌంటర్లకు గూడ రేపు రాకు," అని మాత్రం అంది.

విజేందర్ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటుంటే మంజులత తల తిప్పుకుంది. తను గెలిచింది, గది తనదే, రేపే కొత్త పడుగుకు చీటీ రాయాలి. అయినా సంతోషం లేదు.  తెర సరిగ్గానే ఉందని తెలిసి కూడా అట్టను గడప దాకా తీసుకుపోయి పగటి వెలుతురులో మరోసారి చూసుకుంది. ఇది వంకాయేనా అని వెనక్కి తిరిగి అడగబోయింది, ఆరేళ్ల అలవాటు. కుర్చీ ఖాళీగా ఉంది. అప్పుడు ఏడ్చింది.