తల్లి దాచిన ప్రోటీన్లు

నరసరావుపేట కాలేజీలో జువాలజీ చెప్పే సుందరికి నాలుగోసారి కూడా కడుపు నిలవలేదు. ప్రతిసారీ రెండో నెలలోనే పోయింది. అత్త పిచ్చమ్మ శావల్యాపురం నుంచి వచ్చి, ఈ ఇంట్లో ఉన్న పాపమేదో బయటపెట్టు ప్రభువా అని కోడలికి వినపడేలా ప్రార్థన చేసేది.

సుందరి దేవుణ్ణి అడగడం మానేసి పుస్తకాలను అడిగింది. 1988 వేసవిలో గుంటూరు వెళ్లి, యూనివర్సిటీ లైబ్రరీలో అప్పుడే వచ్చిన ఓ పరిశోధన వ్యాసం చదివింది. మనిషి పిండం నాలుగు కణాలో ఎనిమిది కణాలో అయ్యేదాకా, అంటే మొదటి రెండు మూడు రోజులు, దాని సొంత జన్యువులు నిద్రలోనే ఉంటాయట. అందాకా దాన్ని నడిపేవి అండంలో తల్లి దాచిపెట్టిన ప్రోటీన్లూ, ఆర్‌ఎన్‌ఏలే. తండ్రి భాగం మేలుకునేది ఆ తర్వాత. తన తప్పేమీ లేదనే ఒక్క వాక్యం కోసం వెళ్లిన మనిషి, ఆ పేజీని మళ్లీ మొదట్నుంచి చదివింది. తనకు పోయినవి ఆరేడు వారాలవి. మొదటి మూడు రోజుల సంగతికీ వాటికీ సంబంధం ఉందని వ్యాసం ఎక్కడా అనలేదు. అయినా మనసు ఊరుకోలేదు.

భర్త ఐజాక్ చిలకలూరిపేట పత్తిమిల్లులో సూపర్‌వైజరు. ఏమన్నా తెలిసిందా అని అతను అడిగితే దాచలేకపోయింది.

"నాలోనే ఏదో సరిగా లేదేమో. కాదేమో కూడా. మీ అమ్మతో మాత్రం అనబాకండి."

అననన్నాడు.

పదిరోజులకు, ఆదివారం ఆరాధన అయ్యాక, పిచ్చమ్మ సంఘపెద్దల్ని ఇంటికి పిలిపించింది. "నేనంటే అత్త నోరంటారు. ఆమె చదివిన పుస్తకమే చెప్పిందంట, లోపం ఆడదాంట్లోనే ఉందని. అడగండయ్యా."

సుందరి భర్త వైపు చూసింది. అతను చాప అంచు చూస్తున్నాడు.

పెద్దల్లో ఏసోబు రిటైరైన బడిపంతులు. నిజమేనా తల్లీ అని మెల్లగా అడిగాడు. ఆమె అండం దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పబోయింది. రెండు మాటలు కాకముందే ఆయన చెయ్యెత్తాడు. "అవునా, కాదా? అది చెప్పమ్మా చాలు."

అవునన్నా అబద్ధమే, కాదన్నా అబద్ధమే.

"తెలీదండీ," అంది.

దాన్నే వాళ్లు ఒప్పుకోలు కింద తీసుకున్నారు.

ఆ వారమే ఐజాక్, కొన్నాళ్లుండి వస్తానని చెప్పి, తల్లి వెంట శావల్యాపురం వెళ్లాడు. కాలేజీ తెరిచేనాటికి కూడా ఉత్తరం ముక్క లేదు.

జూలైలో పిండోత్పత్తి పాఠం వచ్చింది. ఎదగని పిండాలు ఏమవుతాయి మేడమ్ అని జమీలా అనే విద్యార్థిని అడిగింది.

"చాలా వాటి సంగతి తల్లికి కూడా తెలీదమ్మా. నెలసరిలో పోతాయి," అని చెప్పి, సుందరి నల్లబల్ల వైపు తిరిగి బొమ్మ గీయసాగింది. గీత వంకర పోతే తుడిచి, మళ్లీ గీసింది.