భీమయ్య కట్టు

మరాఠీ సరిహద్దులోని కోర్పనా పక్క ఊళ్లలో ఎవరి ఎముక విరిగినా ముందు గుర్తొచ్చేది భీమయ్యే. చెట్టు మీంచి పడ్డవాళ్లు, ఎద్దు కుమ్మినవాళ్లు, మోటార్ సైకిల్ మీంచి జారినవాళ్లు, అందరూ ఆయన అరుగు మీద కూర్చుని మూలిగినవాళ్లే. మినప్పిండి, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, పాత ధోతి పేలికలు. అదే ఆయన దవాఖాన. పైసా పుచ్చుకోడు. కట్టినవాడే విప్పాలి, అదీ ఎముక అతికాకే విప్పాలి. మధ్యలో విప్పిన చేతికి మళ్లీ ఎవరికీ కట్టు కట్టే హక్కు లేదని ఆయనకు విద్య నేర్పిన ముసలాయన ఒట్టు వేయించుకున్నాడట. ఆ ఒట్టు ఇప్పటిదాకా తప్పలేదని ఊరు ఊరంతా గొప్పగా చెప్పుకుంటుంది.

ఈ గొప్ప కోడలు హేమలతకు మాత్రం ఎన్నడూ మింగుడు పడలేదు. ఆమె పద్మాపూర్ బొగ్గు గనుల దగ్గర పుట్టి పెరిగింది. అక్కడ జలుబు చేసినా కంపెనీ దవాఖానకే పరుగు. పెళ్లై వచ్చిన కొత్తలో ఏదో మందుబిళ్ల సంగతి ఎత్తితే వాడకట్టు ఆడవాళ్లు "దవాఖాన కోడలు" అని పేరు పెట్టి కడుపుబ్బ నవ్వారు. అప్పట్నుంచి ఆమె ఆ ఊసే ఎత్తలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, కోడళ్ల విషయంలో నోరు మూసుకుంటేనే ఊరు మంచిది.

ఆ పొద్దున ఆమె తమ్ముడు శ్రావణ్‌కుమార్ బిడ్డకు పద్మాపూర్‌లో తొట్టెల ఫంక్షన్. అందరూ బట్టలు మార్చుకుంటుంటే ఆమె కూతురు ప్రణాలి పత్తి పోసిన అర్రలో అటకెక్కి కుప్ప మీదికి దూకింది. పత్తి ఇంటికొచ్చిన రోజుల్లో పిల్లలందరూ చేసే పనే అది. ఈసారి కుప్ప అంచున పడి, జారి, మోచేయి నేలకు కొట్టుకుంది.

భీమయ్య వేళ్లతో తడిమి చూశాడు. "ఇరగలే, కీలు జరిగింది" అన్నాడు. వేరేవాళ్ల పిల్లలకైతే ముందు ఆకు పసరేసి, వాపు దిగాక మర్నాడు కట్టేవాడు. ఇవాళ అట్లా ఆగలేదు. "గుంతల తొవ్వ. కుదుపుకు బొక్క జరుగుతది" అంటూ అప్పుడే కట్టేశాడు. మనవరాలు కదా, ప్రాణం ఒప్పక ఇంకో చుట్టు ఎక్కువే బిగించాడు.

"చంద్రాపూర్ మీదికెల్లే పోతం కదా మామా, ఎక్స్‌రే తీపిద్దాం" అంది హేమలత.

"నా కట్టు మీద ఎక్స్‌రే ఎందుకు బిడ్డా?"

భర్త ప్రమోద్ తండ్రి ముఖం చూసి వ్యాన్ తాళాలు తీసుకున్నాడు. మాట అక్కడితో ఆగిపోయింది. అత్త పత్తి కూలీలతో ఇంట్లోనే ఉండిపోయింది. భీమయ్య ముందు సీట్లో, తల్లీకూతుళ్లు వెనక సీట్లో కూర్చున్నారు.

గడ్‌చందూర్ దాకా ప్రణాలి ఏడుపు తగ్గలేదు. "ఇగ సాలు బిడ్డా, ఊకో" అని హేమలత బతిమాలుతూనే ఉంది. ఉప్పర్వాహి సిమెంటు లారీలు కలిసిన దగ్గర్నుంచి బండి నత్తనడక పట్టింది. రాజురా ఇంకా దూరం ఉందనగా లారీలు బారులు తీరి నిలబడిపోయాయి. అక్కడే ప్రణాలి ఏడుపు ఆపింది.

"సూసినవా? బాపు కట్టంటే గట్లుంటది" అన్నాడు ప్రమోద్ అద్దంలోంచి.

హేమలతకు సిగ్గేసింది. పెద్దాయన్ని అనవసరంగా అనుమానించాననుకుంది. కూతురి జుట్టు సవరించింది.

"అమ్మా, నా చెయ్యేది?" అంది ప్రణాలి.

"ఇగో, నా ఒడిలనే ఉంది కదనే."

"నాకు దొరుకుతలేదు."

హేమలత కట్టు చివర కనిపిస్తున్న వేళ్లు పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. గోళ్లు నేరేడు రంగుకు తిరిగాయి. మెల్లగా గిల్లింది. తర్వాత గట్టిగా గిల్లింది. ప్రణాలి కిటికీలోంచి లారీ వెనక రాసినవి చూస్తూ ఉంది.

"మామా, ఏళ్లు సల్లగైనయ్. కట్టు ఇప్పు."

"కొత్త కట్టు గట్లనే ఉంటది" అన్నాడు భీమయ్య. కానీ వెనక్కి తిరగలేదు. ఎవరి చేయి చూపించినా తిండి వదిలి లేచొచ్చే మనిషి, సొంత మనవరాలి చేయి వైపు కన్నెత్తి చూడలేదు. చూడడానికి భయపడుతున్నాడని హేమలతకు అర్థమైంది. ఆ భయం ఆమెకూ పాకింది.

సంచిలో తొట్టెకు కట్టడానికి తెచ్చిన రిబ్బన్లు, కత్తెర ఉన్నాయి. కత్తెర తీసి కట్టు కింద దూర్చబోయింది. పొద్దున తడిగా ఉన్న పిండి ఎండి రాయైంది, ఎండుతూ ఎండుతూ ఇంకా బిగిసింది. కత్తెర మొన జారి ప్రణాలి మణికట్టు గీరుకుంది. రక్తం కొద్దిగా ఊరింది. ప్రణాలి ఉలిక్కిపడనైనా లేదు.

"పిచ్చి లేసిందా? పోరి చెయ్యి తెగుతది!" ప్రమోద్ వెనక్కి వంగి కత్తెర లాక్కున్నాడు. "బాపు చెప్పిండు కదా!"

అన్నేళ్లు మూసుకున్న నోరు అప్పుడు తెరుచుకుంది. "మామా, నీ ఒట్టు నిలవడ్తది. ఊరంత వచ్చి నీకు దండం పెడ్తరు. నా బిడ్డ ఏ చేత్తోని పెట్టాలె? ముడి యాడుందో నీకే ఎరుక. నాకు కనవడ్తలేదు. ఇప్పు!"

మామతో ఆమె అట్లా ఎన్నడూ మాట్లాడలేదు. వెనక లారీవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.

భీమయ్య దిగి వెనక తలుపు తీశాడు. ప్రణాలి బొటనవేలి గోరు నొక్కి వదిలాడు. తెల్లబడ్డ గోరు తెల్లగానే ఉండిపోయింది. మళ్లీ నొక్కలేదు, ఆయనకు ఒక్కసారి చాలు. నీళ్ల సీసా అందుకుని కట్టంతా తడిపాడు. చంక దగ్గర ఎక్కడో దాచిన పేలిక కొస వెతికి లాగాడు. చుట్లు ఒక్కొక్కటే ఊడొచ్చాయి, వెదురు బద్దలు రోడ్డు మీద పడ్డాయి. లేత చర్మం మీద బద్దల గుర్తులు లోతుగా దిగి ఉన్నాయి. చేయిని కొంచెం చాపి, రెండు అరచేతుల్లో పసిగుడ్డును పట్టినట్టు పట్టుకున్నాడు.

వేళ్ల రంగు మారలేదు. ముగ్గురూ ఆ వేళ్లనే చూస్తున్నారు. హేమలత తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది.

అప్పుడు ప్రణాలి కెవ్వున అరిచింది. నిప్పులో చేయి పెట్టినట్టు అరిచింది. "తాతా వద్దూ, వదిలిపెట్టూ!" అని కాళ్లు కొట్టుకుంది. హేమలత కూతుర్ని వాటేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పొద్దుట్నుంచి మానిపించాలని చూసిన ఏడుపే, ఇప్పుడు ఆగిపోతుందేమోనని హడలిపోయింది. బండి కదిలాక కూడా ప్రణాలి ఏడుపు సన్నగిల్లినప్పుడల్లా వేలు గిల్లుతూనే ఉంది. తల్లి బిడ్డను అట్లా ఏడిపించడం ఎవరైనా చూస్తే రాక్షసి అనుకునేవారు.

చంద్రాపూర్‌లో పిల్లల ఎముకల డాక్టరు చేయి చూసి, ఎక్స్‌రే ఫోటో చూసి, మోచేతి పైన విరిగిందని, ఇవాళే ఆపరేషన్ చేసి ఎముకకు తీగ పెట్టాలని మరాఠీలో చెప్పాడు. రక్తం తిరుగుతోంది, చేయి దక్కుతుంది, వేళ్లలో బలం ఎంత వస్తుందో మాత్రం ఇప్పుడే చెప్పలేనన్నాడు. తర్వాత ఆ బద్దల గుర్తులు చూపించి, దీన్ని ఎవరు కట్టారని అడిగాడు.

"ఊళ్లో ఎవరో" అన్నాడు ప్రమోద్ గబుక్కున.

"ఎవరో కాదు సాబ్" అన్నాడు భీమయ్య తనకొచ్చిన వంకర మరాఠీలో. "నేనే కట్టిన. దీని తాతను."

డాక్టరు తిడతాడని హేమలత ఎదురుచూసింది. నిజం చెప్పాలంటే తిట్టాలనే కోరుకుంది. ఆయన తిట్టలేదు, తల అడ్డంగా ఊపి ప్రణాలిని లోపలికి తీసుకెళ్లిపోయాడు. ప్రమోద్ మందులకని కిందికి దిగాడు.

బెంచీ మీద మామా కోడళ్లు మిగిలారు. భీమయ్య గోళ్ల సందుల్లో ఇంకా మినప్పిండి ఉంది.

"బిడ్డా" అన్నాడు ఆయన దాన్ని గీరుకుంటూ, "ఊళ్లె ఎవడన్న చెయ్యి పట్కొని వస్తే నేను లేదనలేను. నాతోని కాదు. వాకిట్ల నువ్వు నిలవడు. దవాఖానకు పొమ్మని నువ్వు చెప్పు. నువ్వైతే చెప్తవు."

హేమలతకు ఏడుపొచ్చింది. కోపం మాత్రం పోలేదు.

"చెప్త మామా" అంది, ప్రణాలిని తీసుకెళ్లిన తలుపు వైపు చూస్తూ.