ఉత్తరం గీసిన నల్లరాయి

నన్ను కొండ నుంచి విడదీసే ముందు చేయాల్సిన పనులివి: అటవీ రేంజి ఆఫీసు అనుమతి కాగితం అడవి వాచరుకు చూపించాలి. నా పైభాగం తడిగుడ్డతో తుడవాలి. దిక్సూచి చూసి ఉత్తరానికి బాణం గీయాలి. ఫొటో తీయాలి. ఆ తర్వాతే సుత్తి.

నేను ఒక నల్లరాయిని. ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట నేల చీలి పారిన లావాలో ఒక ముద్దను. చల్లారేటప్పుడు నాలోని ఇనుప రేణువులు ఆనాటి ఉత్తరం ఎటుందో చూసుకుని, అటే తిరిగి గట్టిపడ్డాయి. ఆ తర్వాత భూమి తన అయస్కాంతపు ఉత్తర దక్షిణాలను చాలాసార్లు తారుమారు చేసుకుంది. నేను మాట మార్చలేదు. నా మీదుగా పులులు నడిచాయి గానీ, ఎవరూ ఏమీ అడగలేదు.

మొదట అడిగింది దుర్గం స్వరూప. ఎమ్మెస్సీ చివరి ఏడాది. వాళ్ళింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. పులుల అడవి కాబట్టి అనుమతి ఒక్క రోజుకు, ఒక్క రాయికి. కొండ నుంచి విడదీశాక నేను ఎటు తిరిగి ఉండేదాన్నో చెప్పేది ఆ బాణమే. అది తప్పితే నాలో దాగిన దిక్కు దేనికీ పనికిరాదు. ఆమె ఏడాది చదువూ అంతే.

ఆమె దిక్సూచిని తిన్నగా నా నెత్తినే పెట్టి బాణం గీసేసింది. వెంట వచ్చిన వాచరు సిడాం లచ్చు తంబాకు నలుపుతూ చూశాడు.

“ఏంది బిడ్డా, నీ ముల్లు కల్లు తాగిందా?”

“సర్కారు దిక్సూచి కాకా. తప్పు చెప్పదు.”

“గా ఫైర్‌లైను బాట సుత సర్కారే తిన్నగ ఉత్తరం దక్షిణం చెట్లు కొట్టించి తీసింది. మంటలు దాటకుండ ఇరవై రెండు ఎండకాలాలు ఎండుటాకులు నేనే ఊడ్చిన. రెండు సర్కార్లల్ల ఏది అబద్ధం?”

స్వరూప పది అడుగులు అవతలికి పోయి చూసింది. ముల్లు బుద్ధిగా ఫైర్‌లైను వైపు తిరిగింది. దాన్ని పక్కకు లాగింది నాలోని ఇనుమే. నా నెత్తిన పెట్టమని నేనేం చెప్పలేదు. ఆమె పరుగున నా దగ్గరికి వచ్చింది. పాత బాణం చెరిపి, ఫైర్‌లైను చూసుకుంటూ కొత్తది గీసింది.

“నువ్వు లేకుంటే నా ఏడాది మునిగేది కాకా.”

“మునుగుడు తర్వాత. జల్ది కొట్టు, గేటు మూస్తరు.”

ఆమె పాసైంది. నేను కాలేజీ అద్దాల బీరువాలో ఉన్నాను. చీటీ మీద నా వయసు, కొండ పేరు, స్వరూప పేరు ఉన్నాయి. లచ్చు పేరూ రాస్తానని ఆమె పట్టుబట్టింది. చోటు లేదన్నారు కాలేజీ పెద్దసారు. ఆమె ఆ పేరు తెల్లరంగుతో నా అడుగున రాసి, నన్ను తిరిగి పెట్టేసింది. చూడవచ్చినవాళ్ళు బాణం ఎంత కచ్చితంగా ఉందో అని మెచ్చుకుంటారు. నన్ను ఎత్తి చూడడం నిషేధం.

అందుకే నేనే చెబుతున్నాను. సిడాం లచ్చు, అడవిలో ఫైర్‌లైను ఊడ్చే మనిషి. దయచేసి గుర్తుపెట్టుకోండి.