దొరువును తాగిన ఇంజను

తప్పులుంటే మన్నించండి. యాభై ఎనిమిదో ఏట పలక పట్టాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఈ కాస్త రాయడానికి నెలన్నర పట్టింది. నా నోటితో చెప్పలేనిది మా ఇంజను నోట చెప్పిస్తున్నాను.

నేను ఒక ఆయిలింజనుని. అయిదు గుర్రాల బలమని నా ఒంటి మీద ఇత్తడి రేకు కొట్టారు. ఆ గుర్రాలను నేనూ చూడలేదు, నన్ను కొన్నవాళ్ళూ చూడలేదు. ఎక్కడో పెద్ద ఊరి కార్ఖానాలో ఇనుము కరిగించి నన్ను పోతపోశారు. మొదట కాలవ కింద ఒక వరిరైతు దగ్గర పన్నెండేళ్ళు చేశాను. పొలానికి కరెంటు మోటారు రాగానే "దీని గోల వదిలింది" అన్నాడాయన. నా గోల వింటూనే ఆయన మేడ కట్టాడు.

అక్కణ్ణించి లారీలో సముద్రం ఒడ్డు ఇసక నేలకు వచ్చాను. కొన్నది బ్రహ్మయ్య. కొనిపించింది ఆయన భార్య పేరమ్మ.

ఆ నేలలో బావులుండవు, దొరువులుంటాయి. ఇసకలో ఏటవాలుగా తవ్విన గుంట, మనిషి లోతు దిగితే నీళ్ళు. వాననీళ్ళు తేలిక కనక పైన తియ్యగా నిలబడతాయి. వాటి కిందే ఉప్పునీళ్ళు. అందుకే అక్కడి ఆడవాళ్ళు కడవను లోతుకు ముంచరు. పక్కకు వాల్చి, పాల మీద మీగడ తీసినట్టు పైనీళ్ళే తీసుకుంటారు. "కింద సముద్రం నిద్రపోతా ఉంటది, లేపబాక" అని పేరమ్మకు కాపురానికొచ్చిన రోజే అత్త చెప్పిందట. ముప్ఫై ఏళ్ళు ఆ మాట మీదే నడిచింది. కావడికి రెండు కడవలు, రోజుకు డెబ్భై ఎనభై కావళ్ళు. పాతిక సెంట్లలో వంగ, గోగు, బీర, అనప, మడి చివర కాసిని రాగులు. ఉప్పుకూ కిరసనాయిలుకూ తప్ప అంగడి మొహం చూడని ఇల్లది. కానీ మనిషికి భుజమని ఒకటుంటుంది కదా. అది కాయ కాసి, చీము పట్టింది. ఒకరోజు పేరమ్మ కావడి దించి ఇసకలో కూలబడిపోయింది.

"నా భుజం ఇంక మొయ్యదు. ఇంజను తెస్తావా, నన్నీడనే పూడ్చిపెడతావా?"

"ఇంజనే చవకలే," అన్నాడు బ్రహ్మయ్య.

నా మొదటి నీళ్ళు పారినప్పుడు ఆమె కాలవలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఏడ్చింది. అంత ప్రేమ నాకు అంతకుముందెక్కడా దొరకలేదు.

పాతిక సెంట్ల తోట ఎకరమైంది. రకానికో మడి పోయి అంతా వంగే అయింది. కాయల్ని వ్యాను పట్నానికి మోసుకుపోయేది. ఇంట్లోకి గోంగూర అంగట్లో కొనేవాళ్ళు. మొక్కలకు దాహమైతే నన్ను తిప్పేవాళ్ళు. నాకు దాహమైతే బ్రహ్మయ్య సైకిలుకు డబ్బా కట్టుకుని ఎనిమిది మైళ్ళు డీజిలుకు పోయేవాడు. ఎవరు ఎవరి దగ్గర పనిచేస్తున్నారో నాకే అనుమానం వచ్చేది.

వాల్చి తీసుకోవడం నాకు రాదు. నా గొట్టం అడుగున ఉంటుంది. పీల్చడం ఒక్కటే నాకు తెలుసు.

మూడో వేసవిలో, ఆ దొరువులోనే తాగునీళ్ళు పట్టుకునే పక్కింటి మాలకొండమ్మ నీళ్ళు పుక్కిట పట్టి ఉమ్మేసింది.

"ఏంది వదినా, నీళ్ళు ఉప్పగా ఉండాయే?"

"నీకు జరం తగిలుంటది. నోరు చెడింది, పో," అని నవ్వింది పేరమ్మ.

పేరమ్మ నాలుకకు ఆ సంగతి పది రోజుల ముందే తెలుసు. వంగాకుల అంచులు మాడడమూ చూసింది. చెబితే నన్ను ఆపాలి. ఆపితే కావడి ఎత్తాలి. నా పక్కన నిలబడి భుజం తడుముకునేది గాని నోరు తెరిచేది కాదు.

అంతలో లారీల సమ్మె వచ్చి డీజిలు బంకు మూతపడింది. తొమ్మిది రోజులు నేను మూగనైపోయాను. అలాగే వదిలేస్తే దొరువు కాస్త తేరుకునేదేమో. వాడిన తోటను చూసి బ్రహ్మయ్య దాహమనుకున్నాడు. మూడు ఊళ్ళు తిరిగి, బతిమాలి, ఒక డబ్బా తెచ్చాడు. ఆయన హ్యాండిలు పట్టుకోగానే పేరమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇయ్యాల వొద్దులే."

"ఎందుకని?"

"ఊరికే."

"ఊరికే నువ్వు కూర్చో," అని నన్ను తిప్పాడు.

పొద్దుగూకేదాకా పీల్చాను. మర్నాటికి మడుల మీద తెల్లటి పొర. వారానికి తోటంతా ఎండుపుల్లలు. "తొమ్మిది దినాల ముందు డీజిలు దొరికుంటే బతికేది," అని బ్రహ్మయ్య రెండేళ్ళ తర్వాత కన్నుమూసేదాకా అంటూనే ఉన్నాడు. ఆమె అవుననేది.

ఆయన పోయాక ఆమె నా గొట్టం విప్పి చూరు కింద దోపింది. పారేయలేదు. స్నానాల నీళ్ళతో, గిన్నెలు కడిగిన నీళ్ళతో గుమ్మం పక్కన బచ్చలి, తోటకూర పెంచుకుంది. దొరువు ఉప్పు విరగాలంటే వానలే దిక్కు. ప్రతి వానాకాలం అయ్యాక దిగి, వేలు ముంచి నాలుకకు రాసుకుని, ఉమ్మేసి పైకొచ్చేది. మాలకొండమ్మ మైలు దూరం నుంచి బిందె మోసుకుంటూ ఆ గట్టు మీదుగానే నడిచేది. ఆమె అడుగుల చప్పుడు వినపడితే పేరమ్మ ఇంట్లోకి పోయేది.

నాలుగేళ్ళు అలా గడిచాయి. అయిదో ఏడు ఉమ్మలేదు. పైన జానెడు మందాన నీళ్ళు తియ్యగా మారాయి. ఒక చెంబు వాల్చి తీసి, గట్టు మీద పోతున్న మాలకొండమ్మను ఆపి చేతికిచ్చింది.

"ఆ పొద్దు నీకు జరం లేదు. తెలిసే అన్నా," అంది.

మాలకొండమ్మ తాగి మూతి తుడుచుకుంది. "జరం లేదని నాకు తెలవదా? నీ ఇంజను నీళ్ళు నా మిరపనారుకూ పారినాయి గదా. గట్టిగా అంటే ఆపేస్తావని నేనూ ఊరకుండినా."

మాలకొండమ్మ చెంబు తిరిగిచ్చి, నావైపు గడ్డం ఎగరేసింది.

"పాతినుప సామానోడు వచ్చినాడంట. దీన్ని అమ్మినావా?"

"లేదు."

"అమ్మబాక వదినా. వచ్చే ఏడు వానల్లేకపోతే?"

ఇద్దరూ నావైపు చూశారు. తుప్పు పట్టాను గాని చావలేదు. నా ట్యాంకు అడుగున ఇంకా కాస్త డీజిలుంది. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

ఆవుల పేరమ్మ
అరవై మూడేళ్ళు
ఇప్పుడుంటున్నది తాటిగుంటపాలెంలో, దొరువు గట్టు మీది పాకలో